దొరకలేదని రాయండి

"తాతయ్యా, దొరకలేదని రాసెయ్" అన్నాడు మా మనవడు, వాళ్ళమ్మ ఫోను నా చేతిలో పెట్టి.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, మినియాపొలిస్ పక్కన మేపుల్ గ్రోవ్ అనే ఊరు. జనవరి నెల. మోకాళ్ళ దాకా మంచు. ఎల్మ్ క్రీక్ పార్కులో గంటసేపటి నుంచి నాలుగు చెట్ల చుట్టూ తిరుగుతున్నాం. మేం వెతుకుతున్నది అరచేతిలో పట్టే చిన్న డబ్బా. అది అక్కడే ఉందని ఫోను చెబుతోంది. మాకేమో కనబడదు. నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇంటికి పోదాంరా అంటే సరేనన్నాడు గానీ, కదిలే ముందు ఆ ఒక్క పనీ చేయమన్నాడు.

నాకు మనసొప్పలేదు. "దొరికినప్పుడు రాద్దాంలేరా" అన్నాను. "కాదు తాతయ్యా, దొరకనప్పుడూ రాయాలి" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి నేను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నేనూ ఏ పిల్లాడికీ చెప్పలేదు.

ఆ ఆట పేరు జియోకాచింగ్. ఒకరు ఎక్కడో డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటిస్తారు. మిగతావాళ్ళు జీపీఎస్ సాయంతో వెళ్ళి వెతుకుతారు. దొరికితే అందులో ఉన్న చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టి వచ్చేస్తారు. లోపల బొమ్మో బిళ్ళో ఉంటే తీసుకోవచ్చు, కానీ దానికి తగ్గ వస్తువు ఇంకొకటి పెట్టాలి. బహుమతులు లేవు, ర్యాంకులు లేవు.

ఈ ఆట ఎలా పుట్టిందంటే, 2000 మే నెల వరకూ అమెరికా ప్రభుత్వం జనం వాడే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేది. చూపించే చోటుకూ అసలు చోటుకూ వంద మీటర్ల దాకా తేడా ఉండేది. మే 2న ఆ తప్పు కలపడం ఆపేశారు. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర చెట్ల మధ్య ఒక ప్లాస్టిక్ బకెట్లో కొన్ని వస్తువులు, ఒక పుస్తకం, ఒక పెన్సిలు పెట్టి ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో వేశాడు. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ అనే ఆయన దాన్ని పట్టుకున్నాడు. ఆ నెలాఖరుకే ఆటకు పేరు పడింది. ఇవాళ అంటార్కిటికాలో కూడా ఇలాంటి డబ్బాలున్నాయి.

చిరునామా ఎంత కచ్చితంగా ఉంటుందో మన ఊరి లెక్కతో చెబుతాను. విజయవాడ దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిగ్రీకి 60 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేల మీద సుమారు 1,850 మీటర్లు. ఈ ఆటలో నిమిషాన్ని వెయ్యి భాగాలు చేసి చెబుతారు, అంటే ఒక్కో భాగం రెండు మీటర్లకు లోపే. మన చేతిలో ఫోను మాత్రం అంత సూక్ష్మంగా చెప్పలేదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా అయిదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఆ అయిదు మీటర్లతో చుట్టూ గీత గీస్తే దాదాపు 78 చదరపు మీటర్ల నేల. ఓ మాదిరి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటంత. అంత చోటులో అగ్గిపెట్టె పరిమాణంలో డబ్బా! ఫోను పని గుమ్మం దాకానే. లోపల వెతుక్కోవాల్సింది మనమే.

ఇక మంచు సంగతి. మంచులో వెతకడానికి అక్కడివాళ్ళు కొన్ని పద్ధతులు పాటిస్తారు. పెన్ను తీసుకెళ్ళరు, పెన్సిలే తీసుకెళ్తారు, ఎందుకంటే చలికి సిరా గడ్డకడుతుంది. ఫోను లోపలి జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకుంటారు, చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది గనక. డబ్బా వివరాల్లో మంచుపువ్వు గుర్తు ఉందేమో ముందే చూసుకుంటారు. ఆ గుర్తుంటే శీతాకాలంలోనూ అందుతుందని అర్థం. లేకపోతే అది మంచు కింద నేలకు అతుక్కుని ఉండొచ్చు.

నాకు బాగా నచ్చింది ఎత్తు లెక్క. డబ్బా ఏ నెలలో దాచారో వివరాల్లో ఉంటుంది. జులైలో దాచి ఉంటే దాచిన మనిషి వట్టి నేల మీద నిలబడి దాచాడు. ఇప్పుడు మనం రెండడుగుల మంచు మీద నిలబడి చూస్తున్నాం. అతని నడుము ఎత్తు మనకు మోకాలి దగ్గరకొస్తుంది. జనవరిలో దాచిందైతే లెక్క తిరగబడుతుంది. ఎండాకాలంలో వెళ్ళినవాడు తల పైకెత్తి చూడాలి. వెతకడమంటే ముందు దాచినవాడు నిలబడిన చోట నిలబడటం. పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళకూ, పిల్లల మనసులో ఏముందో తెలియక తల్లడిల్లే తల్లిదండ్రులకూ ఈ లెక్క పనికొస్తుందని నా నమ్మకం.

మన దగ్గర అలాంటి మంచెక్కడిది అంటారేమో. నిజమే, బెజవాడలో సంక్రాంతి చలి అంటే తెల్లవారుజామున ఓ పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు. కానీ తెలుగువాళ్ళం ఆకాశం నుంచి రాలిపడేదాన్నీ మంచే అంటాం, గడ్డి కొసన నిలిచే బిందువునూ మంచే అంటాం, ధనుర్మాసం పొద్దున కాలువ గట్టు మీద ఎదురుగా వచ్చే మనిషిని మాయం చేసేదాన్నీ మంచే అంటాం. మన కృష్ణా డెల్టాకు ఈ మూడోది బాగా తెలుసు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. కాలువల్లో, చేపల చెరువుల్లో, కోత కోసిన చేలల్లో కావలసినంత తేమ ఉంటుంది. ఆ తేమ గాల్లో సన్నటి నీటి తుంపరలా తేలుతుంది. అదే పొగమంచు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే మన రైతు మినుములు చల్లుతాడు. వరి కోసి తీసేశాక ఆ మినుము నేలలో మిగిలిన పదునుకూ, రాత్రి కురిసే మంచుకూ పెరుగుతుంది. మంచు మన చూపు మూసేస్తుంది, మన పప్పూ అదే పండిస్తుంది.

పొగమంచు జీపీఎస్‌ను ఆపదు. ఫోను ఎప్పటిలాగే పనిచేస్తుంది. పోయేది మన చూపే. మిన్నెసోటాలో అయినా మన డెల్టాలోనైనా వెతికేవాడికి వచ్చే కష్టం ఒకటే.

అందుకే తిరిగొచ్చాక ఒక సంక్రాంతికి ఘంటసాల దగ్గరున్న మా ఊళ్ళో ఈ ఆట పెట్టాను. విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు పదకొండు మంది. డబ్బాలు నాలుగు. ఒకటి మా పశువుల పాక దూలం మీద, ఒకటి మా మోటారు షెడ్డు వెనక, ఒకటి తెలిసినవాళ్ళ కొబ్బరి తోటలో, ఒకటి రైసుమిల్లు ప్రహరీ పక్కన. ప్రతిచోటా యజమానిని అడిగే పెట్టాను. భోగికి ముందు రోజు మొదలుపెట్టాం.

మీరూ పెట్టదలిస్తే జాగ్రత్తలు ముందే చెప్పాలి, ఇందులో నేను పట్టువిడుపు చూపించను. పొగమంచు ఉన్నంతసేపూ పిల్లల్ని కాలువ గట్టు ఎక్కనివ్వకండి. గట్టు ఎక్కడ అయిపోతుందో, నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో ఆ మంచులో పెద్దవాళ్ళకే తెలియదు. డెల్టాలో కార్లు కాలువల్లో పడే వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. రోడ్డు వార కూడా నడవకూడదు, లారీ డ్రైవరుకు మీరు కనబడరు. బండి తోలాల్సివస్తే లైటు డిమ్‌లోనే ఉంచండి. హైబీమ్ వేస్తే ఆ వెలుతురు మంచు మీద పడి మన కళ్ళకే కొడుతుంది. ఎనిమిదిన్నరో తొమ్మిదో అయ్యి ఎదురుగా ఉన్న తాటిచెట్టు మొదలు స్పష్టంగా కనబడేదాకా ఆగండి.

చెయ్యి చూపు వెనకే వెళ్ళాలి. రాళ్ళ సందులో, గడ్డివాము కింద, కట్టెల మధ్య, తాటి మట్టల్లో ముందు కర్రతో కదపాలి, టార్చి వేయాలి, అప్పుడే చెయ్యి. కట్లపాము, రక్తపింజర మన పొలాల్లో ఉన్నవే. అసలు అలాంటి సందుల్లో డబ్బా దాచనే కూడదు. పొరపాటున కాటు పడితే మంత్రాలూ గాట్లూ వద్దు. కాటు పడిన చెయ్యో కాలో కదపకుండా 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఎక్కడ దాచకూడదో కూడా చెబుతాను. ప్రకాశం బ్యారేజీ మీద, రైల్వే స్టేషన్లో, బస్టాండులో, దుర్గమ్మ కొండ మీద, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం చుట్టుపక్కల దాచొద్దు. ఎవరిదో తెలియని డబ్బా అక్కడ కనబడితే పోలీసులు రావాల్సిందే, వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు. ఉండవల్లి, మొగల్రాజపురం గుహల్లో, కొండపల్లి కోట గోడల్లో కూడా వద్దు. అవి రక్షిత కట్టడాలు. వాటి దగ్గర డబ్బా లేకుండా ఆడొచ్చు. ఉండవల్లిలో పడుకున్న అనంతశయనుడి దాకా వెళ్ళి, పాదాల దగ్గర ఏముందో చూసి రాసుకు రమ్మంటే చాలు.

మంచు కొన్ని ఆనవాళ్ళు మాయం చేస్తే కొన్ని తనే చూపిస్తుంది. మిన్నెసోటాలో నిన్న వచ్చినవాళ్ళ అడుగులు మంచు మీద ఉంటాయి. అవి ఏ చెట్టు దగ్గర ఎక్కువ తొక్కిసలాడాయో చూస్తే కొంత తెలుస్తుంది. మన దగ్గర పొద్దున్నే గడ్డి మంచు పట్టి తెల్లగా మెరుస్తుంటుంది. ఎవరైనా నడిచిన దారి ఆ తెలుపు చెరిగి ముదురు పచ్చ గీతలా కనబడుతుంది. సాలెగూళ్ళు మరీ మంచి సాక్షులు. మామూలప్పుడు కంటికి ఆనని దారాలు మంచుబిందువులు పట్టి ముత్యాల పేరుల్లా తేలతాయి. సందుకు అడ్డంగా గూడు తెగకుండా ఉందంటే అది కట్టాక అక్కడ ఎవరి చెయ్యీ పడలేదు. ఎండ ముదిరాక ఈ సాక్ష్యాలేవీ మిగలవు.

మొదటి రోజు మా పిల్లలకు మూడు డబ్బాలు దొరికాయి. మోటారు షెడ్డు వెనకది దొరకలేదు. ఆ జట్టుకు పెద్ద మా తమ్ముడి మనవడు, విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. నోటుబుక్కు చేతికిచ్చి "ఏం జరిగిందో రాయి నాన్నా" అన్నాను. తీసుకోలేదు. "సున్నా అని రాయమంటారా తాతయ్యా?" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది ఆట తాలూకు నిరాశ కాదు. వారం వారం పరీక్ష రాసి, గోడ మీద అంటించిన మార్కుల్లో పేరు ఎన్నోదో వెతుక్కునే పిల్లాడి గొంతు అది.

"సున్నా కాదు. ఎక్కడెక్కడ చూశావో అది రాయి" అన్నాను.

కాసేపు ఊరుకుని రాశాడు. ఎనిమిదీ నలభైకి వెళ్ళాం, గడ్డి మీద మంచు ఇంకా ఉంది, తాటిచెట్టు వైపు మొత్తం చూశాం, షెడ్డు తూర్పు గోడ ఇటుకల సందులన్నీ చూశాం, పడమర గోడ దగ్గర సాలెగూళ్ళున్నాయి గనక అటు చూడలేదు, దొరకలేదు. నాలుగు వరుసలు.

మర్నాడు వేరే జట్టు ఆ నాలుగు వరుసలు చదివి వెళ్ళింది. అందులో పదేళ్ళ పిల్ల ఒకత్తి ఉంది. "సాలెపురుగు ఒక్క రాత్రిలో గూడు కట్టేస్తుంది కదా తాతయ్యా, మీరు డబ్బా పెట్టింది మొన్న కదా!" అంది. నేరుగా పడమర గోడకు వెళ్ళారు. పది నిమిషాల్లో డబ్బా వాళ్ళ చేతిలో ఉంది. నోటుబుక్కులో ఆ పిల్ల తన పేరు కింద, ఆ నాలుగు వరుసలు రాసిన అన్న పేరూ రాసింది. అతను చూసినచోట మళ్ళీ చూడాల్సిన పని వాళ్ళకు లేకుండా పోయింది మరి.

జియోకాచింగ్‌లో దొరకలేదని రాసే ఈ పద్ధతికి బలమైన కారణముంది. ఒక డబ్బాకు వరసగా దొరకలేదన్న రాతలు పడితే, దాచినవాడు వచ్చి చూసుకుంటాడు. వానకు కొట్టుకుపోయిందో, ఎవరైనా తీసేశారో తెలుస్తుంది. ఉంటే ఉందని చెబుతాడు, పోతే కొత్తది పెడతాడు. దొరకనివాళ్ళు సిగ్గుపడి ఊరుకుంటే, లేని డబ్బా కోసం జనం వస్తూనే ఉంటారు. ప్రతివాడూ తన కళ్ళదే లోపమనుకుని వెళ్ళిపోతాడు.

తవ్వకాలు చేసేవాళ్ళదీ ఇదే పద్ధతి. మన డెల్టాలోనే భట్టిప్రోలు ఉంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు మూడు రాతి ధాతుపేటికలు బయటపడ్డాయి. లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు. పేటికల మీద క్రీస్తుపూర్వం నాటి బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో, కుబేరక రాజు పేరుతో పాటు వాటిని చేయించినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. దాచి, పేర్లు రాసి పెట్టడం మన నేలకు కొత్త కాదన్నమాట. తవ్వే పనిలో ఉన్నవాళ్ళు పేటిక దొరికిన గుంట గురించే కాదు, ఏమీ దొరకని గుంట గురించీ రాసి పెడతారు. రాయకపోతే తర్వాత వచ్చినవాడు అదే గుంట మళ్ళీ తవ్వుతాడు.

మనం ఇళ్ళలో చేస్తున్నది దీనికి ఎదురు. పాసైనవాడి ఫోటో ఫ్లెక్సీ మీద వేస్తాం, తప్పినవాడి ఊసు గడప దాటనివ్వం.

నా సంగతే చెబుతాను. డిగ్రీ రెండో ఏడు ఫిజిక్స్ పేపరు తప్పాను. ఇంట్లో పాసయ్యానన్నాను. సెప్టెంబరులో మళ్ళీ ఫీజు కట్టి రాశాను, గట్టెక్కాను, సంగతి అంతటితో సమసిపోయిందనుకున్నాను. ఆరేళ్ళ తర్వాత మా తమ్ముడు అదే పేపరు తప్పాడు. మూడు రోజులు ఇంటికి రాలేదు. చివరికి బందరు రైల్వే స్టేషన్లో బెంచీ మీద కనబడ్డాడు. నన్ను చూసి వాడన్న మొదటి మాట, "మనింట్లో తప్పింది నేనొక్కణ్ణే అన్నయ్యా." అప్పుడు చెప్పాను నా సంగతి. ఆరేళ్ళ ముందు చెప్పాల్సింది. నేను రాయకుండా దాచిన ఒక్క "దొరకలేదు" ఖరీదు మా తమ్ముడు ఆ బెంచీ మీద గడిపిన మూడు రాత్రులు. మోటారు షెడ్డు దగ్గర సున్నా అని రాయమంటారా అని నన్నడిగింది వాడి మనవడే.

మన భాష ఈ విషయంలో మనకు సాయం చేస్తుంది, మనమే పట్టించుకోం. లేదు అనడం వేరు, దొరకలేదు అనడం వేరు. మొదటిది డబ్బా గురించి తీర్పు. రెండోది ఈ పొద్దున, ఈ మంచులో, ఈ గంటలో జరిగినదాని కబురు. అలాగే నాకు లెక్కలు రావు అనడం వేరు, నిన్న ఆ లెక్క రాలేదు అనడం వేరు. మన పిల్లలు ఎక్కువగా మొదటి మాటే అంటున్నారు. వాళ్ళు "రావు" అన్నప్పుడల్లా మీరు కోప్పడకుండా "ఎప్పుడు రాలేదు, ఎక్కడిదాకా వచ్చి ఆగింది?" అని అడగండి. తేదీ, సమయం, చూసిన చోటు, చూడని చోటు చెప్పించండి. మా తమ్ముడి మనవడు రాసినదాంట్లో అన్నిటికన్నా విలువైన ముక్క పడమర గోడ చూడలేదన్నది. చూడని చోటు ఒప్పుకుంటేనే రేపు వెళ్ళే చోటు దొరుకుతుంది.

దీనికి నోటుబుక్కు ఒకటి చాలు, అది ఇంట్లో అందరిదీ కావాలి. పిల్లల చేత మాత్రమే రాయించకండి. ఉద్యోగంలో ప్రమోషన్ రాని సంగతి నాన్న రాయాలి, కుదరని బేరం సంగతి అమ్మ రాయాలి. పెద్దవాళ్ళ రాత ముందు పడితేనే పిల్లల పెన్సిలు కదులుతుంది. వాళ్ళు రాసినదాన్ని చుట్టాల ముందు చదవకండి, రాసినందుకు తిట్టకండి. ఒక్కసారి తిడితే ఆ పుస్తకం మళ్ళీ తెరుచుకోదు.

ఈ ధనుర్మాసంలో పిల్లలు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక్క డబ్బాతోనైనా మొదలుపెట్టండి. లోపల ఏముందో బయటికి కనబడేలా గాజులాంటి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. మూత గట్టిగా పట్టాలి, లేకపోతే మంచుకు కాగితం మెత్తబడి అతుక్కుపోతుంది. పుస్తకాన్ని ఇంకో కవరులో పెట్టండి. పైన "ఇది పిల్లల ఆట డబ్బా" అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. తినే వస్తువులు పెట్టకండి, చీమలూ ఎలకలూ చేరతాయి. స్థలం మీది కాకపోతే యజమానిని అడగండి. మొదటి పేజీ రెండు భాగాలు చేసి, ఎడమవైపు దొరికింది అని, కుడివైపు దొరకలేదు అని శీర్షికలు పెట్టండి. రెండిటికీ సమానంగా చోటు వదలండి. దొరకనివాళ్ళకు డబ్బా లోపలి పుస్తకం అందదు గనక వాళ్ళ కోసం ఇలాంటిదే ఇంకో పుస్తకం ఇంటి అరుగు మీద ఉంచండి. రెండు పుస్తకాల దగ్గరా పెన్ను వద్దు, చెక్కిన పెన్సిలు పెట్టండి.